హెడర్లు వెతికిన చలికాలం

యాభై దాటిన మగవాళ్లకు ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుందని మా ఆవిడ అంటుంది. కొందరికి పొద్దున్నే నడక, కొందరికి గుళ్లు, మా బావమరిదికి వాస్తు. నాకు పట్టింది నాలుగు ఇనుప గొట్టాల పిచ్చి. పోయిన చలికాలమంతా వాటి గురించే ఆలోచించాను, వాటి గురించే మాట్లాడాను. దుకాణంలో గిరాకీకి దుప్పటి మడత విప్పి చూపిస్తూ కూడా మనసులో వాటి వంపులే కొలుచుకున్నాను.

ఆ గొట్టాలను హెడర్లు అంటారు. కారు ఇంజనులో పుట్టిన పొగ బయటికి వచ్చే మొదటి దారి అది. కారు కొత్తగా వచ్చినప్పుడు అక్కడ బరువైన పోత ఇనుప ముద్ద ఒకటి ఉంటుంది, దాన్ని మ్యానిఫోల్డ్ అంటారు. నాలాంటివాళ్లు దాన్ని ఊడదీసి, ఆ చోట వంపులు తిరిగిన విడివిడి గొట్టాలు పెట్టించుకుంటారు. పొగ అడ్డం లేకుండా పోతుంది, బండి కాస్త చురుగ్గా కదులుతుంది. ఇవన్నీ ఇంట్లో చెప్పుకోవడానికి పనికొచ్చే కారణాలు. అసలు కారణం సౌండు.

నా కారు ఒకప్పుడు సినిమాల్లో విలన్లు, బయట ఎమ్మెల్యేలు తిరిగిన పొడుగు ముక్కు కారు. పేరు చెప్పను. నా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు, చిన్నవాళ్లకు చెప్పినా తెలియదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక రైసు మిల్లు షెడ్డులో, వడ్ల బస్తాల వెనక, ఊక దుమ్ములో మునిగి కనిపించింది. ఎలకలు సీట్లలో కాపురం పెట్టాయి. నేను దాని చుట్టూ తిరుగుతుంటే మిల్లు ఆయన నన్ను జాలిగా చూశాడు. మూడు నెలలు దాని మీద పనిచేయించి, రంగు వేయించి ఇంటికి తెచ్చుకున్నాను.

మా ఇల్లు నేతవాళ్లుండే కొత్తవాడలో. మా నాన్న, బాపు, జంపఖానాలు నేసేవాడు. మోకాళ్లు సహకరించక నేత మానేశాక, ముందు గదిలో ఉన్న మగ్గం విప్పి అటక మీద పెట్టాం. ఆ గది గోడ కొట్టించి, షట్టరు పెట్టించి కారును అందులోకి తెచ్చాను. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతను పూడ్చనివ్వలేదు. ఇంకాస్త పొడవుగా, లోతుగా తవ్వించాను. కారు కిందికి దూరి పని చేసుకోవడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఏ మెకానిక్ షెడ్డులోనూ ఉండదు. బాపు మాత్రం ఇప్పటికీ ఆ గదిని మగ్గం ఇల్లు అనే అంటాడు. "మగ్గం ఇంట్ల లైటు బంజెయ్యి" అంటే కారు దగ్గర లైటు తీసేయమని అర్థం.

మేమిద్దరం మాట్లాడుకునేది తక్కువ. మగ్గాల చప్పుడులో పెరిగినవాళ్లం, గొంతు చించుకుని చెప్పాల్సినంత అవసరం ఉంటే తప్ప నోరు తెరవం. పొద్దున దుకాణం తెరిస్తే రాత్రికి వస్తాను. ఆయన అప్పటికి తిని పడుకుంటాడు. ఒకే ఇంట్లో ఉంటూ దినాల తరబడి ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోకుండా బతికేశాం, అందులో ఎవరి తప్పూ లేదు. కారు వచ్చాక మొదటి ఆదివారం నేను దాన్ని బయటికి తీస్తుంటే, ఎవరూ పిలవకుండానే బాపు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఎక్కడికి అని అడగలేదు. నేనూ చెప్పలేదు. నర్సంపేట రోడ్డులో కొంత దూరం వెళ్లి, టీ తాగి వచ్చాం. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున పంచె మార్చుకుని, మఫ్లరు చుట్టుకుని, నాకంటే ముందే వెళ్లి సీట్లో కూర్చునేవాడు.

ఆయనతో ఒకటే తంటా. అద్దాలు దించనివ్వడు. నేత ఇంట్లో కిటికీ తెరిచి పెట్టడం పాపం లాంటిది. పొడి గాలి తగిలితే పోగు పెళుసెక్కి తెగుతుంది, దూది ఎగిరి చిక్కుపడుతుంది. అందుకని ఏ కాలమైనా తలుపులు కిటికీలు మూసి, గోడకు తడి గోనె సంచులు వేలాడదీసి నేసేవాళ్లు. ఎక్కడైనా సన్నగా గాలి వస్తుందని అనుమానం వస్తే బాపు ఒక తెల్ల పోగు వేలికి కట్టుకుని గోడల వెంట తిరిగేవాడు. పోగు ఊగిన చోట సందు ఉన్నట్టు. ఆ సందులో పేలిక కుక్కితే గాని మళ్లీ మగ్గంలో కూర్చునేవాడు కాదు. అరవై ఏళ్ల అలవాటు కారెక్కితే పోతుందా? ఎక్కగానే తన వైపు అద్దం పైదాకా బిగించి, నా వైపు చూసేవాడు.

"అది గూడ ఎక్కియ్యి బిడ్డా. గాలి కొడ్తాంది."

"గాలి కొట్టనీ బాపూ. పోగులు తెగుతాయా ఈడ?"

"ఎక్కియ్యంటాన గద. చెవుల పడ్తాంది."

నేనూ ఎక్కించేవాణ్ని. బాపుతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు.

దసరా వెళ్లిన తర్వాత ఒక ఆదివారం, తిరిగి వస్తుంటే బాపు తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. ఇంటి ముందు దించితే అడుగు తడబడింది. గోడ పట్టుకుని నిలబడి, ఏం లేదు, జర తల తిరిగింది అన్నాడు. షుగరేమో అనుకుని మా ఆవిడ చక్కెర నీళ్లు ఇచ్చింది. సాయంత్రానికి మామూలైపోయాడు. తర్వాతి ఆదివారం వాంతి చేసుకున్నాడు. ఇంకో ఆదివారం మాట ముద్దగా వచ్చింది. మా పెద్దనాన్న పక్షవాతంతో పోయాడు, ఆయనకూ మొదట మాటే ముద్దైంది.

హనుమకొండలో నరాల డాక్టరుకు చూపించాం. ఆయన ఓపికగా అన్నీ అడిగాడు. నడిపించి చూశాడు, ముక్కు మీద వేలు పెట్టించాడు.

"ఎప్పుడు ఎక్కువగా వస్తుంది పెద్దాయనా? లేవగానేనా, నడిచినప్పుడా, ఎక్కడైనా కూర్చున్నప్పుడా?"

"ఎప్పుడంటె అప్పుడే సారు," అన్నాడు బాపు. "ఇంట్ల కూసున్నా వస్తది. దానికో టైం లేదు."

డాక్టరు హైదరాబాదులో స్కానింగ్ చేయించమని రాసిచ్చాడు. తలలో ఏదో ఉండొచ్చు, లేకపోవచ్చు, చూస్తే మంచిది అన్నాడు. ఉండొచ్చు అన్న మాట ఒక్కటే నాకు వినపడింది.

ఆ రోజుల్లోనే నా హెడర్ల పిచ్చి ముదిరింది. నవ్వుకుంటే నవ్వుకోండి. దుకాణంలో, ఇంట్లో, డాక్టరు గది బయట బెంచీ మీద ఎక్కడ కూర్చున్నా ఫోను తీసి హెడర్ల వీడియోలు చూసేవాణ్ని. ఎవరో ఒకాయన కారు వెనక ఫోను పెట్టి యాక్సిలరేటర్ తొక్కుతాడు, గర్రుమంటుంది, నేను చెవి దగ్గర పెట్టుకుని వింటాను. తర్వాత ఇంకోటి. మా ఆవిడ ఒకరోజు ఫోను లాక్కుంది.

"ఆ కారు మొరిగినా ఈ కారు మొరిగినా మొరుగుడే గద. ముసలాయన గట్లుంటె నీకు గిదేం పోయేకాలం?"

ఆమెకేం చెప్పను. భయం వేసినప్పుడు మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. బాపు తలలో ఏముందో నేను తెలుసుకోలేను, బాగు చేయలేను. గొట్టం ఎంత లావుండాలో, ఎక్కడ వంగాలో మాత్రం తెలుసుకోగలను. అందుకే దాన్ని పట్టుకుని వేలాడాను.

ఎంచుకోవడానికి ముఖ్యంగా మూడు దారులు కనిపించాయి. హైదరాబాదులో ఒక షాపువాళ్లు తళతళలాడే స్టీలుతో పొడుగు హెడర్లు చేస్తారు. నాలుగు గొట్టాలూ కారు కిందిదాకా విడివిడిగా వచ్చి అక్కడ ఒకటవుతాయి. సౌండు మాత్రం ఒళ్లు పులకరించేలా ఉంటుంది. కాకపోతే కిందికి వేలాడతాయి, మా వాడలో స్పీడు బ్రేకర్లు గోడల్లా ఉంటాయి. రెండోది కోయంబత్తూరు నుంచి తెప్పించుకునే పొట్టి హెడర్లు. ముందు రెండేసి కలిసి, తర్వాత ఆ రెండూ ఒకటవుతాయి. అవి కిందికి రావు, సౌండు కూడా సాధువే. మూడోది మా దోస్తు. వాడికి వెల్డింగ్ షాపు ఉంది. కిటికీ గ్రిల్లుల నుంచి బుల్లెట్ బండ్ల సైలెన్సర్ల దాకా ఏదైనా చేస్తాడు, చేసింది ఏదైనా దేశంలోకెల్లా గొప్పదని చెబుతాడు.

"లాంగ్ ట్యూబే పెట్టియ్యిరా. నేను చేస్త. ఒక్కసారి తొక్కినవంటె మట్టెవాడ దాంక ఇనపడాలె."

"మట్టెవాడోళ్లకెందుకురా నా కారు సంగతి?"

"గదే గద మజా."

నా మనసు కూడా అటే లాగింది. హైదరాబాదు పొడుగు హెడర్లే ఖాయం అనుకున్నాను. స్కానింగుకు ఎలాగూ వెళ్తున్నాం కదా, ఆ పనీ చూసుకొద్దామని లోలోపల లెక్క వేసుకున్నాను.

స్కానింగు రోజు తెల్లవారాక బయలుదేరాం. బాపు ముందు, మా ఆవిడ వెనక. బాగా చలిగా ఉంది, అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ఘన్‌పూర్ దాటేసరికి మా ఆవిడ తలనొప్పి అని పడుకుంది. నాకూ కణతలు పోటు పెడుతున్నాయి. రాత్రి నిద్ర లేకపోవడం వల్ల అనుకున్నాను. జనగామ దగ్గరికి వస్తుండగా బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఇంక ఎంత దూరమే?" అన్నాడు.

ఆయన అన్న చనిపోయి చాలా ఏళ్లైంది. పక్షవాతంతో పోయిన పెద్దనాన్నే ఆయన.

కారు పక్కకు ఆపి, ఆయన్ని దించి, రోడ్డు పక్క టీ హోటలు ముందున్న మంచం మీద పడుకోబెట్టాం. మా ఆవిడ మొహం తుడిచింది. హోటలామె నీళ్లు తెచ్చింది. మెల్లగా ఆయన మొహంలోకి రంగు వచ్చింది, లేచి కూర్చున్నాడు, నన్ను పేరు పెట్టి పిలిచాడు. టీ కూడా తాగాడు. బండి ఎక్కేటప్పుడు నేను అడిగాను, పోనీ ఇక్కణ్నుంచి బస్సులో పోదామా అని. వద్దని తల అడ్డంగా ఊపి ముందు సీట్లో కూర్చున్నాడు. ఈసారి నేను గాలి కోసం నా అద్దం దించాను, ఆయన ఏమీ అనలేదు. మిగతా దారంతా బాగానే ఉన్నాడు.

స్కానింగులో ఏమీ లేదు. వయసుకు తగ్గట్టే ఉందన్నారు. ఏమీ లేదంటే సంతోషించాలి గాని నాకు ఇంకా భయం పెరిగింది. ఉన్నదేదో కనపడకుండా దాక్కుందన్నట్టే అనిపించింది. చిన్న చిన్న ఫిట్స్ కావచ్చని మాత్రలు రాశారు. హెడర్ల షాపు ఆస్పత్రికి రెండు వీధుల అవతలే ఉంది. ఆ వైపు చూడకుండా తిరిగి వచ్చేశాను.

మాత్రలు వేసుకున్నాక బాపు మత్తుగా ఉండేవాడు. ఒకరోజు మా ఆవిడను పిలిచి, అటక మీదున్న మగ్గం ఎవరైనా నేసేవాళ్లకు ఇచ్చేయమన్నాడు. ఇంకోరోజు తన చేతి గడియారం తెచ్చి నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. ఆ గడియారం చూసి నాకు ఏడుపొచ్చింది.

మధ్యలో డోర్నకల్‌లో మా మేనత్త ఇంట్లో పెళ్లి పడింది. ఆ రోజు కారు బ్యాటరీ పడుకుంది, రైల్లో వెళ్లాం. బాపు కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా పల్లీలు తిన్నాడు. పెళ్లిలో బావలతో పరాచికాలాడాడు, రెండోసారి బూరె అడిగి వేయించుకున్నాడు. నిక్షేపంలా తిరిగి వచ్చాడు. మాత్రలు పట్టాయి, దేవుడి దయ అనుకున్నాం. హనుమకొండ డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిన రోజు, ఆటోలో పోదాం బాపూ, కుదుపులు తక్కువ అన్నాను. వినలేదు. కార్లనే పోదాం అన్నాడు. వెళ్లాం. దిగేటప్పటికి మళ్లీ తల తిరిగింది.

తర్వాతి ఆదివారం పొద్దున కారును బయట సందులోకి తీసి, ఇంజను ఆన్‌లో పెట్టి, వెనక నిలబడి వింటున్నాను. పాత మ్యానిఫోల్డ్ సౌండులో ఈ మధ్య టిక్కుటిక్కుమని సన్నని చప్పుడు కలిసింది. కొత్త హెడర్లు పడితే అదీ పోతుందిలే అనుకుంటున్నాను. ఈలోగా బాపు వచ్చి, అలవాటు ప్రకారం ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఎక్కడికీ పోవట్లేదు, దిగమని చెప్పడానికి అటు వెళ్లాను. అద్దం దగ్గర వంగితే, డ్యాష్‌బోర్డు కింద ఒక పోగు కనిపించింది.

తెల్ల నూలు పోగు. జానెడు పొడవు. ఆయన మోకాళ్ల దగ్గర, రేడియో కింది స్క్రూకు కట్టి ఉంది. అది ఊగుతోంది.

తలుపు తీసి, ఇదేంది బాపూ అన్నాను.

"గాలి ఎటుకెల్లి వస్తాందో సూద్దామని కట్టిన. అద్దాలన్ని ఎక్కిచ్చినా మోకాళ్లకు కొడ్తనే ఉంది. ఏ అద్దం రబ్బరు పోయిందో ఎర్కైతలేదు."

అద్దాలన్నీ మూసి ఉన్నాయి. బండి నిలబడి ఉంది. సందులో ఆకు కూడా కదలడం లేదు. పోగు మాత్రం ఆయన వైపుకు, లోపలికి, ఊగుతూనే ఉంది. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా తగిలింది. పోగు కొసను వేళ్ల మధ్య రాశాను. వేళ్లకు నల్లగా మసి అంటుకుంది.

"దిగు బాపూ, దిగు, దిగు" అంటూ ఆయన్ని దాదాపు లాగి పడేశాను. ఆయన తిట్టాడు కూడా. ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, మ్యానిఫోల్డ్ మీద కప్పిన రేకు విప్పాను. పోత ఇనుము మీద, వెనక వైపు, నిలువునా పగులు. దాని చుట్టూ నల్లటి మసి విసనకర్రలా పరుచుకుని ఉంది. టిక్కుటిక్కుమన్నది అదే. ఇంజను ముందున్న ఫ్యాను ఆ పొగను వెనక్కి తోస్తోంది. ఇంజనుకూ మన కాళ్లకూ మధ్య ఉండే రేకులో, ఎవరో ఎప్పుడో వైరు కోసం చేసి వదిలేసిన రంధ్రం ఒకటి ఉంది. దానికి ఉండాల్సిన రబ్బరు లేదు. అది సరిగ్గా బాపు మోకాళ్ల ముందు ఉంది.

అక్కడే మడ్‌గార్డు మీద రెండు చేతులూ పెట్టి నిలబడిపోయాను. ఆదివారాలు. హైదరాబాదు దారి. హనుమకొండ. రైల్లో తిన్న పల్లీలు. నా అద్దం దించాక బాపు కుదుటపడటం. వాసన మాకెందుకు తెలియలేదని మీరు అడుగుతారు. రంగుల గాబులు, గంజి, దీపాల గాసునూనె, వీటి మధ్య పుట్టి పెరిగిన ముక్కులు మావి. పాత కారులో పెట్రోలు వాసన, పొగ వాసన రాకపోతేనే మాకు ఆశ్చర్యం. వేరే ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరు అద్దం దించమని గొడవ చేసేవాళ్లు. మా ఇల్లు నేత ఇల్లు కాబట్టి, గాలి రానివ్వకుండా బిగించుకుని, లోపల పొగను దాచుకుని తిరిగాం.

మా ఆవిడను కేకేశాను. ఆమె పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "రోగం బాపుకు కాదే, బండికి" అన్నాను. ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ పిండి చేతులతోనే మామ భుజాలు పట్టుకుని, నడి సందులో ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. ఎన్ని వారాలుగానో ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయినట్టైంది. బాపు మాత్రం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "టిఫిన్ అయిందా?" అన్నాడు.

హనుమకొండ డాక్టరుకు ఫోను చేశాను. అలా అయితే అన్నీ సరిపోతున్నాయి అన్నాడు. ఆ పొగ విషం శుభ్రమైన గాలిలో కొన్ని గంటల్లో దిగిపోతుందట, ఇప్పుడు రక్తం పరీక్ష చేసినా దొరకదట. కారు ఎక్కించకుండా నెల రోజులు చూడమన్నాడు, మాత్రలు ఎలా తగ్గించాలో చెప్పాడు. వారం గడిచింది, ఏమీ కాలేదు. ఇంకో వారం గడిచింది. బాపు మార్కెట్ దాకా నడిచి వెళ్లి వచ్చాడు. మత్తు వదిలి, కూరలో ఉప్పు గురించి మా ఆవిడతో గొడవ మొదలుపెట్టాడు. ఉప్పు ఎక్కువైందని ఆయన అరుస్తుంటే మేం వంటింట్లో నవ్వుకున్నాం. గడియారం తీసుకెళ్లి ఆయన దిండు పక్కన పెట్టాను. పొద్దున చూస్తే చేతికి ఉంది.

కారు మాత్రం గుంత మీద మ్యానిఫోల్డ్ లేకుండా నిలబడి ఉంది. మళ్లీ హెడర్లు ఎంచుకోవాలి. ఈసారి నా చెవులు మూసుకున్నాను. హైదరాబాదు షాపుకు ఫోను చేసి, లీకు కాకుండా ఉంటుందా అని అడిగాను. ఆయన సౌండు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. సౌండు నాకొద్దు సార్, ఇంజనుకు అంటుకునే పట్టీ ఎంత మందం అన్నాను. ఆయన తడుముకున్నాడు. పట్టీ పలుచగా ఉంటే వేడికి వంకర తిరుగుతుంది, వంకర తిరిగితే సందు పడుతుంది. కోయంబత్తూరు వాళ్లది వేలు మందం. పొట్టిగా ఉంటాయి, కింద దేనికీ తగలవు, కుదుపుకు అతుకులు విడవవు. అవే తెప్పించాను. మా దోస్తు మొహం మాడ్చుకున్నాడు.

"గంత పెద్ద కారుకు గీ పిల్లి సౌండా? ఇజ్జత్ పోతదిరా."

"పోనీరా. ఇజ్జత్ నేను మోస్త. నువ్వు లీకు సూడు."

చూడటానికి మా ఇంట్లోనే ఏర్పాటు ఉంది. వెనక వాకిట్లో ఒకప్పుడు నూలుకు రంగు వేసిన సిమెంటు గాబు ఇంకా ఉంది. దాని నిండా నీళ్లు నింపాం. హెడర్ల మూతులన్నీ రబ్బరుతో, రేకులతో బిగించి, ఒక మూతికి సైకిలు వాల్వు అతికించి, నీళ్లలో ముంచి పంపుతో గాలి కొట్టాం. పంక్చరు షాపులో ట్యూబును చూసినట్టే. బాపు కుర్చీ తెచ్చుకుని గాబు పక్కనే కూర్చున్నాడు. ఒక అతుకు దగ్గర నుంచి బుడగలు వచ్చాయి. దోస్తు తీసి, అక్కడ మళ్లీ వెల్డు పెట్టి, మళ్లీ ముంచాడు. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. కొడుతూనే ఉన్నాడు, చెమటలు కారుతున్నాయి.

"వస్తలేదు," అన్నాడు బాపు.

"జర ఆగు కాకా, ఇంక కొడ్త."

"వస్తలేదంటాన గద. ఒక్క బుడగ గూడ లేదు."

రేకులో రంధ్రానికి కొత్త రబ్బరు వేసి, దాని మీద ఇంకో రేకు కూడా బిగించాను. హెడర్లు ఎక్కించి, మధ్యలో పొగ కారకుండా కొత్త గ్యాస్కెట్ పెట్టి, ఇంజను వేడెక్కాక మళ్లీ అన్ని బోల్టులూ బిగించాను. సౌండు నిజంగానే పెద్దగా లేదు. లోగొంతుకతో గురక పెట్టినట్టుంది. నాకు అంతకంటే మంచి సౌండు వద్దనిపించింది. ముందు సీటు దగ్గర కొత్త పోగు కట్టి, తలుపులు మూసి, నేనొక్కణ్నే లోపల కూర్చుని చూశాను. పోగు కదల్లేదు. పోగును నమ్మినా నన్ను నేను నమ్మక, అద్దం ఎప్పుడూ రెండు వేళ్ల సందు తెరిచే ఉంచాలని షరతు పెట్టాను.

నెల రోజులైనాక, డాక్టరు సరేనన్నాక, ఒక ఆదివారం బాపును ఎక్కించుకుని నర్సంపేట రోడ్డు పట్టాను. దారంతా ఆయన మొహమే చూశాను, రోడ్డు సరిగ్గా చూడలేదు. రెండు వైపులా పత్తి ఏరేసిన చేలు. ఆయన ఎవరి చేను ఎవరిదో చెబుతున్నాడు. తల వాల్చలేదు, మాట తడబడలేదు. ఎప్పుడూ ఆగే టీ హోటలు దగ్గర ఆగాం. ఆయన తలుపు తీసుకుని, తనే దిగి, తిన్నగా నడిచి వెళ్లి బల్ల మీద కూర్చుని మిర్చి బజ్జీ చెప్పాడు. నాకు చెయ్యెత్తి ఎవరికైనా దండం పెట్టాలనిపించింది.

"తల ఎట్లుంది బాపూ?"

"మంచిగుంది."

బజ్జీ తినడం అయింది. చేతులు కడుక్కుని వచ్చి, మఫ్లరుకు తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"కార్ల కూసుంటెనే గట్లయితాందని నాకు ఎర్కనేరా."

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఎప్పటి సంది?"

"దసర సంది. దిగినంక జరసేపటికి మంచిగైతుండె. ఇంట్ల ఎన్నడు కాలే."

"మరి డాక్టరుకు ఇంట్ల గూడ అయితదని ఎందుకు చెప్పినవ్? నాకన్న చెప్పద్దా?"

"చెప్తె నువ్వు కారు అమ్ముతవ్. లేకపోతె నన్ను ఎక్కనియ్యవ్. మల్ల నువ్వు దుకాణంల, నేను ఇంట్ల."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్ని నెలల భయం, స్కానింగు, ఆ మాత్రలు, రాత్రుళ్లు ఆయన ఊపిరి ఆడుతోందో లేదో వెళ్లి చూసి రావడం, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. హోటల్లో జనం తిరిగి చూసేలా అరిచాను.

"దార్ల పాణం పోతే ఏమైతుండె బాపూ? ఎన్నడన్న సోంచాయించినవా?"

ఆయనకు కోపం రాలేదు. నేనేదో అర్థంలేని ప్రశ్న అడిగినట్టు చూశాడు.

"ఏమైతుండె? పక్కకు నువ్వే ఉంటివి గద."

ఆయన లేచి నడుచుకుంటూ వెళ్లి కారులో కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. చాలాసేపు బండి స్టార్ట్ చేయలేదు.